ద్రాక్షగుత్తి పట్టిన చెయ్యి

రామవరప్పాడు రింగు దాటేదాకా ఏమీ ఆలోచించకూడదని ఇశ్రాయేలు గట్టిగా అనుకున్నాడు గానీ, బస్సు ఇంకా బస్టాండులోంచి బయటపడకముందే భార్య అమలమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కొంగు సర్దుకుని, మొహం కిటికీ వైపే ఉంచి, వారం రోజులుగా అంటున్న మాటే మళ్ళీ అంది. "రెండు మంచి మాటలు చెప్పి కూర్చోండి. అంతకు మించి ఒక్క ముక్క వద్దు." అతను తలూపాడు. తలూపడం అతనికి బాగా అలవాటు. డ్రాయింగు పీరియడు లెక్కల మాస్టారు అడిగి పట్టుకెళ్ళిన ప్రతిసారీ తలూపుతూ ముప్ఫై మూడేళ్ళు ఉద్యోగం చేసి, తలూపుతూనే రిటైరయ్యాడు. హనుమాన్ జంక్షన్ గంట ప్రయాణం. పదకొండింటికి అక్కడ వినీల ఇంట్లో వాళ్ళమ్మ సంపూర్ణమ్మ గారి జ్ఞాపకార్థ ప్రార్థన. పోయి ఏడాదయింది. పాటలూ, ప్రార్థనా, పాస్టరుగారి వాక్యమూ అయ్యాక సాక్ష్యాలుంటాయి. పోయినవాళ్ళని ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే లేచి తమకు తెలిసింది చెబుతారు. "అంకుల్, ఇరవై రెండేళ్ళు మా మేడ మీద ఉన్నారు, మా చుట్టాల కన్నా అమ్మ సంగతి మీకే ఎక్కువ తెలుసు, మొదటి సాక్ష్యం మీదే," అని వినీల ఫోను చేసి చెప్పినప్పుడు కూడా అతను, ఫోనులో కనబడదని మరిచిపోయి, తలే ఊపాడు. తెలిసింది చెప్పడమే సాక్ష్యం. తెలిసిందంతానా? బుడమేరు వాగు తామున్న సింగ్ నగర్‌ను ముంచేసిన ఆ ఆదివారం పొద్దున సంపూర్ణమ్మ గారు తనకి తొమ్మిదిసార్లు ఫోను చేసిందనీ, తను చూసి కూడా ఎత్తలేదనీ భూమ్మీద తనకీ అమలమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు, ఆ తెలిసింది కూడా చెప్పాలా?

కిటికీకి అడ్డంగా ఊచలున్నాయి. వాటిని చూడగానే అతని కన్ను దానంతటదే నిలువు గీతలు కూడా గీసుకుని, బయటి షాపుల్నీ ఆటోల్నీ అరటిపళ్ళ బండ్లనీ గళ్ళుగళ్ళుగా విడగొట్టేసింది. ఇది అతని వృత్తి రోగం. చిన్న బొమ్మను పెద్దది చెయ్యాలంటే చిన్న బొమ్మ మీద గళ్ళు గియ్యాలి, పెద్ద బోర్డు మీద అన్నే గళ్ళు గియ్యాలి, ఆ తరవాత ఏ గడిలో ఉన్నది ఆ గడిలో వేసుకుంటూ పోవాలి. మొత్తం బొమ్మ గురించి ఆలోచించావో, చెయ్యి తప్పుతుంది. పిల్లలకి ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటాడో, "పక్క గడిలోకి చూడొద్దురా, నీ గడి సంగతి చూసుకో" అని. అలా చూసుకునే ఆ పన్నెండు బోర్డులూ వేశాడు. చరిత్ర లెక్చరరుగా రిటైరైన వెంకటకృష్ణారావు గారు కొండ కింద సందులో ఉన్న తన పాత ఇంటి హాలును బొమ్మల గ్యాలరీగా మార్చి, ఇశ్రాయేలును పిలిచి, ఒక లావుపాటి ఆల్బం ముందు పెట్టి, "మాస్టారూ, ఆసియా మొత్తానికి ఒక్కడే కరుణామూర్తి, అవలోకితేశ్వరుడు, దేశానికో రూపం, పన్నెండు రూపాలు నాకు నిలువెత్తున కావాలి" అన్నారు. ఇశ్రాయేలుకి యేసుప్రభువూ, మరియ తల్లీ, గొర్రెపిల్లా వెయ్యడం వచ్చు, పాఠశాల వార్షికోత్సవానికి సరస్వతి వెయ్యడం వచ్చు. ఈ పేరే నోరు తిరగలేదు. కిందికి చూసేవాడని అర్థమట. చైనా వాళ్ళు పెట్టుకున్న పేరుకి లోకుల మొర ఆలకించేవాడని అర్థమట. చూసేవాడా, వినేవాడా అని అడిగితే, రావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ రెండూనూ అన్నారు. పని చేసేవాడికి అది తేలాల్సిన సంగతి, కన్ను మీద శ్రద్ధ పెట్టాలా చెవి మీద పెట్టాలా అని. అతను కన్ను మీదే పెట్టాడు.

మొదటి బోర్డులో ఉన్నవాడికి మీసాలున్నాయి. గాంధారం నుంచి వచ్చిన రాయి, మెడలో హారాలు, కాళ్ళకి చెప్పులు, పెళ్ళికి బయల్దేరిన జమీందారు కొడుకులా ఉన్నాడు. రెండోది అజంతా గోడ మీది పద్మపాణి. ఆ రెప్పల దగ్గర ఇశ్రాయేలుకి నాలుగు రోజులు పట్టింది. ఒకే గీత, ఎత్తకుండా లాగాలి, ముక్కు వైపు మొదలై చెవి వైపుకి వాలుతూ పోవాలి. మధ్యలో ఊపిరి పీల్చితే చెడుతుంది. వాలిన ఆ రెప్పల కింద కన్ను సగమే కనబడుతుంది, ఆ సగంతోనే ఎవరినో చూస్తూ ఉంటాడు. ఎవరిని చూస్తున్నాడో గోడ మీద లేదు. సింహళం కంచు విగ్రహం ఒక మోకాలు పైకి మడిచి, చెయ్యి దాని మీద వేలాడేసి తీరుబడిగా కూర్చుంది. చైనాకి పోయేసరికి మీసాలు పోయాయి, నడుము సన్నబడింది, తెల్ల మేలిముసుగు వచ్చింది, ఒక చేతిలో నీళ్ళ కలశం, ఇంకో చేతిలో చెట్టు రెమ్మ, చూస్తే ఎవరైనా తల్లి అనే అంటారు. అతను కింద మోటారు వెయ్యడానికి దిగినప్పుడు ఆ బొమ్మ నకలు కాగితం చేతిలో ఉంటే సంపూర్ణమ్మ గారు కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని చూసింది. "మాస్టారండీ, మొన్న చూపించిన మీసాలాయనా, ఈవిడా ఒకటేనంటారా? నాకైతే గుణదల మరియమ్మలా కనబడుతోందండీ." పదకొండు తలల టిబెట్టు బొమ్మ చూసి ఆవిడ చాలాసేపు లెక్కపెట్టుకుని, "తలలు పదకొండు సరే, చెవులెన్నండీ?" అంది. అతను ఆ సంగతి చూసుకోలేదు. వెయ్యి చేతుల జపాను బొమ్మ చూసి, ఇన్ని చేతులకి గాజులు తొడగాలంటే గాజుల కొట్టువాడు గుండాగి పోతాడని తనే నవ్వుకుంది. నవ్వితే ఆవిడ పొట్ట కదిలేది, మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చి వెంటనే అబ్బా అనేది.

మోకాళ్ళ పేరు రాగానే ఇశ్రాయేలు సీట్లో కదిలాడు. అమలమ్మ చటుక్కున తిరిగి చూసి, నీళ్ళు కావాలా అంది. వద్దన్నాడు. బస్సు రింగు ఎప్పుడు దాటిందో చూసుకోనేలేదు, ప్రసాదంపాడు కూడా వెనక్కి పోయింది. సంపూర్ణమ్మ గారు మేడెక్కేది కాదు. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పినప్పటి నుంచీ పైకి చెప్పాల్సినదేదైనా ఫోనులోనే. "మాస్టారండీ, మోటారు ఆపారా? మాస్టారండీ, గ్యాసు అబ్బాయి వచ్చాడు. మాస్టారండీ, మీ చొక్కా ఒకటి మా పెరట్లో పడింది, నీలం చారలది. మాస్టారండీ, కరెంటు మీకూ పోయిందా, మాకేనా?" కింద ఆవిడ గొంతు ముందు గాలిలో వినబడేది, తరవాత అదే మాట ఫోనులో వినబడేది. రోజుకి నాలుగు, వానాకాలం ఆరు. చిరాకు పడకుండా ఎవరుంటారు? చిరాకు పడ్డ సాయంత్రమే బొమ్మిడాయిల పులుసు గిన్నె మెట్ల మొదట్లో మూతపెట్టి ఉంచేది, తీసుకెళ్ళమని మళ్ళీ ఫోను చేసేది. ఇరవై రెండేళ్ళలో అద్దె పెంచమని ఒక్కసారీ ఆవిడ నోటంట రాలేదు. ఆ మంచితనం కూడా అప్పుడు అతనికి ఫోను మోతలాగే అలవాటైపోయింది.

ఎనికేపాడు దగ్గర బస్సు నెమ్మదించింది. అటు పక్కన బుడమేరు, ఈ సెప్టెంబరులో ఎంత బుద్ధిగా ఉందో. గుర్రపుడెక్క తేలుతోంది, ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడింది, దీన్ని చూసి ఇదే ఆ పని చేసిందంటే ఎవరు నమ్ముతారు? నిరుడు ఆగస్టు ఆఖరి శనివారం వాన ఆకాశానికి చిల్లు పడ్డట్టు పడింది. అమలమ్మ రెండు రోజుల ముందే కంకిపాడులో చెల్లెలు రూతు ఇంటికి వెళ్ళింది. తను గ్యాలరీలో పని చేస్తూ వానకి చిక్కుకుని రాత్రి అక్కడే బల్ల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున లేచేసరికి వాన కాస్త తగ్గింది, హాలంతా నిశ్శబ్దం, వెలుతురు బాగుంది, చెయ్యి మంచి ఊపు మీద ఉంది. పన్నెండో బోర్డు. వెయ్యి చేతులంటే వెయ్యీ వెయ్యనక్కర్లేదట, జపాను వాళ్ళ లెక్కలో నలభై రెండు వేస్తే చాలు. ముందున్న రెండూ పోగా మిగిలిన నలభైలో ఒక్కో చెయ్యి ఇరవై ఐదు లోకాల్ని గట్టెక్కిస్తుందట. ప్రతి అరచేతిలోనూ ఒక కన్ను. కష్టంలో ఉన్న ప్రాణులందరినీ గట్టెక్కించేదాకా విశ్రమించనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడట, అందరినీ గట్టెక్కించి వెనక్కి తిరిగి చూస్తే మళ్ళీ అంతమందీ అక్కడే ఉన్నారట, ఆ దుఃఖానికి తల పగిలి పదకొండు ముక్కలైందట, అప్పుడు బుద్ధుడు ఆ ముక్కల్ని తలలు చేసి, ఇన్ని చేతులూ ఇన్ని కళ్ళూ ఇచ్చాడట. రావుగారు ఈ కథ చెబుతూ కంటతడి పెట్టుకున్నారు. ఇశ్రాయేలు మాత్రం భుజాల దగ్గర నలభై చేతులు ఎలా అతికించాలా అని ఆలోచించాడు.

పదహారు చేతులు శనివారం అయ్యాయి. పదిహేడో చేతిలో ద్రాక్షగుత్తి. ఒక చేతిలో చక్రం, ఒక చేతిలో విల్లు, ఒక చేతిలో అద్దం, వాటికి అర్థముంది, ద్రాక్షపళ్ళు ఎందుకో రావుగారు కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. చిన్న చిన్న గుండ్రాలు, ఒకదాని వెనక ఒకటి తొంగి చూస్తున్నట్టు రావాలి, కనబడేవి పందొమ్మిది. అతను నాలుగో పండు మీద ఉండగా బల్ల మీద ఫోను వెలిగింది. మోత ఆపేసి పెట్టాడు, వెలుగుతూ బల్ల మీద బుర్రుమంది. సంపూర్ణమ్మ గారు. ఆరూ ఇరవై. మోటారు, అనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే మోటారు గొడవేమిటి, నేను ఇంట్లోనే లేనుగా, అనుకున్నాడు. ఫోనును బోర్లా తిప్పి పెట్టాడు. అదీ అతను చేసింది. ఎత్తలేకపోలేదు, నిద్రలో లేడు, ఫోను దూరంగా లేదు. చెయ్యి చాచి, తీసుకుని, పేరు చదివి, బోర్లా పెట్టాడు. ఆ తరవాత అది బల్ల మీద బుర్రుమంటూనే ఉంది, ఆగి మళ్ళీ బుర్రుమంది, అతను అయిదో పండు వేశాడు, ఆరో పండు వేశాడు. ఒకసారి బల్ల అంచు దాకా జరిగితే పడిపోతుందని లోపలికి తోశాడు కూడా. ఏడూ పది తరవాత అది మళ్ళీ కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య అన్న మాట, ఇప్పటికీ రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు అతనికి వినబడుతోంది.

ఎనిమిదిన్నరకి రావుగారు గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చి, సింగ్ నగర్ మునిగిపోయిందట మాస్టారూ అన్నారు. అప్పుడు ఫోను తిప్పాడు. తొమ్మిది. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. ఆ రోజూ మర్నాడూ అతను పిచ్చివాడిలా ఫ్లైఓవరు మీద నిలబడ్డాడు, పడవ ఎక్కించమని కనబడ్డ ప్రతివాడి కాళ్ళూ పట్టుకోబోయాడు. ఎక్కించినవాళ్ళు లేరు, అతనిలాంటి వాళ్ళు అక్కడ వందల మంది ఉన్నారు. సోమవారం సాయంత్రం పడవవాళ్ళు వంటింటి కిటికీ ఊడబీకి ఆవిడని బయటికి తీశారు. గ్యాసు గట్టు మీద, నడుము లోతు నీళ్ళల్లో, ఒక పగలూ ఒక రాత్రీ మళ్ళీ ఒక పగలూ నిలబడే ఉంది. ఏ మోకాళ్ళ మీద? హాస్పిటల్లో మంగళవారం చూశాడు. మాస్కు పెట్టారు. వినీల పక్కన కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. ఆవిడ కళ్ళు సగం తెరిచి అతన్ని చూసి, దుప్పటి మీంచి చెయ్యి కొంచెం ఎత్తింది. ఏదో అడుగుతోందనుకుని భయపడి, నర్సు వచ్చిందన్న వంకతో ఇవతలికి వచ్చేశాడు. గురువారం ఆవిడ పోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నారు.

ఫోన్ల సంగతొక్కటే అయితే, ఏమో, ఎప్పుడో ఒకప్పుడు చెప్పగలిగేవాడేనేమో. నీళ్ళు తీశాక ఇంటికి ముందు తను వెళ్ళాడు. వినీల ఇంకో గంటలో వస్తానంది. మెట్లు పెరటి వైపు. మెట్ల మొదట్లో ఇనప గేటు. గేటుకి తాళం. మేడ మీద ఎండబెట్టిన ఇత్తడి బిందె దొంగలెత్తుకుపోయినప్పటి నుంచీ అమలమ్మ వేయిస్తున్న తాళం, శనివారం పొద్దున వెళ్ళేటప్పుడు తనే వేసి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. గేటు కింద బురదలో పచ్చడి బండ పడి ఉంది, ఆవిడ వంటింట్లోది. తాళం మీద సొట్టలు. వేలితో తడిమితే ఏడో ఎనిమిదో తగిలాయి, ఒక దెబ్బ తప్పి గేటు ఊచకి తగిలింది. అప్పటికి నీళ్ళు ఆవిడ మోకాళ్ళ దాకా వచ్చి ఉంటాయి. ఒక చేత్తో బండ, ఒక చేత్తో ఫోను. తాళంచెవి ఎక్కడుందో అడగడానికి చేసింది. ఇంకో చెవి ఉంది, అక్కడే, ఆవిడ నిలబడ్డ చోటికి నాలుగడుగుల్లో, మీటరు బాక్సు వెనక మేకుకి. మేడెక్కని మనిషికి ఆ సంగతి చెప్పాలని ఇరవై రెండేళ్ళలో ఎవరికీ తోచలేదు. మీటరు బాక్సు వెనక అని ఒక్క మాట, అయిదో పండుకీ ఆరో పండుకీ మధ్య. ఇశ్రాయేలు బురదలో చతికిలబడి ఏడ్చాడు. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని, తన దగ్గరున్న చెవితో తాళం తీసి, రంగుల సంచిలో వేసుకుని, పచ్చడి బండను వంటింట్లో గట్టు మీద పెట్టి, గేటు బార్లా తెరిచి వినీల కోసం ఎదురుచూశాడు. ఇవన్నీ ఒకదాని తరవాత ఒకటి అతని చేతులే చేసుకుపోయాయి. వినీల వచ్చి ఇల్లంతా తిరిగి, పెరట్లోకి వచ్చి, తెరిచి ఉన్న గేటు చూసి, "గేటు తీసే ఉందిగా అంకుల్, అమ్మ పైకెందుకు ఎక్కలేదు?" అని అడిగింది. "మోకాళ్ళమ్మా," అన్నాడు. "ఆ మోకాళ్ళతో ఎక్కలేకపోయింది పాపం." ఆ సాయంత్రం ఏలూరు కాలువ వంతెన మీద నిలబడి తాళాన్ని నీళ్ళల్లోకి జారవిడిచాడు.

ఆ మోకాళ్ళ మాట కాళ్ళొచ్చినట్టు తిరిగింది. సమాధి దగ్గర పాస్టరుగారు అదే అన్నారు, వీధిలో వాళ్ళు అదే అన్నారు, ఎదురింటి రావమ్మ, మోకాళ్ళు మార్పించుకోమని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదండీ అని ఆవిడ మొండితనం మీద ఓ పావుగంట మాట్లాడింది. ఇశ్రాయేలు పక్కనే నిలబడి తలూపాడు. చచ్చిపోయిన మనిషి మీద ఆవిడ చావును కూడా నెట్టేశాడు. జనవరిలో ప్రదర్శన పెట్టి రావుగారు అతనికి శాలువా కప్పారు. ఈ కృష్ణ ఒడ్డునే, వెనకటికి ఒక పండితుడు అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు మూడేళ్ళు ఉపవాసముండి దర్శనం పొందాడని చైనా యాత్రికుడు రాసుకున్నాడనీ, మన మాస్టారు కూడా అలాగే తపస్సు చేశారనీ మైకులో చెప్పారు. జనమంతా పన్నెండో బోర్డు ముందే మూగారు. ఒకాయన ద్రాక్షగుత్తికి దగ్గరగా మొహం పెట్టి, ఎంత నిబ్బరమైన గీతండీ అన్నాడు. నిజమే. ఇశ్రాయేలు ఎన్నోసార్లు చూసుకున్నాడు, భూతద్దం పెట్టి చూసుకున్నాడు. పదిహేడో చెయ్యి నుంచి పంతొమ్మిదో చెయ్యి దాకా, తొమ్మిదిసార్లు ఫోను బుర్రుమన్నంతసేపూ వేసిన దాంట్లో, ఎక్కడా ఒక్క గీతైనా వణకలేదు. వణికి ఉంటే తనలో ఒక మనిషున్నాడని నమ్మేవాడు.

గన్నవరం దాటాక అమలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ముందు సీటు వాళ్ళకి వినబడకుండా, అతని భుజానికి ఆనుకుని మాట్లాడింది. "మీరు నా మీద కోపంగా ఉన్నారని నాకు తెలుసు. చెప్పొద్దంటున్నది మీ కోసం కాదు. ఆ తాళం కొన్నది నేను. ఇంట్లో ఉన్నా వెయ్యమని పోరింది నేను. బిందె పోయిందని కింద ఆవిడ్ని కూడా మనసులో అనుమానించాను, ఆ సంగతి మీకు తెలీదు. మీరు ఫోన్లంటే ఆ పిల్ల తాళమంటుంది, తాళమంటే నావైపు చూస్తుంది. ఆ చూపు నేను భరించలేనండీ." ముప్ఫై ఏళ్ళ పైబడ్డ కాపురంలో ఆవిడ ఇంత పొడుగు మాట ఇంత చిన్న గొంతుతో అనడం అతను ఎరగడు. రాత్రుళ్ళు తనొక్కడే మేలుకుంటున్నానని అనుకున్నాడు. కంకిపాడులో కొత్త వాటాకి మారాక ఆవిడ ఏ తలుపుకీ తాళం వెయ్యడం లేదనీ, రూతు ఇంటికి వెళ్ళినా దగ్గరగా వేసి వచ్చేస్తోందనీ గమనించాడు గానీ, అదేమిటని ఒక్కసారీ అడగలేదు. పక్క గడిలోకి చూసే అలవాటు లేనివాడాయె. భుజం మీద ఆవిడ బరువు అలాగే ఉండనిచ్చాడు. తేలప్రోలు పోయింది, వీరవల్లి పోయింది. చేలల్లో వరి పచ్చగా మోకాలెత్తు ఉంది, వాననీళ్ళు గట్ల మధ్య నిలబడి మెరుస్తున్నాయి. అవలోకితేశ్వరుడి తల దుఃఖానికి పగిలిందని చెప్పారు రావుగారు. తనది పగల్లేదు. తిన్నాడు, పడుకున్నాడు, శాలువా కప్పించుకున్నాడు, దాన్ని మడతపెట్టి బీరువాలో దాచుకున్నాడు కూడా. చెబితే ఏమొస్తుంది? ఆవిడ రాదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, ఇలాగే ఉంటుంది, చచ్చేదాకా ఇలాగే ఉంటుంది. ఆ ఇలాగే అన్నదే అతన్ని భయపెట్టింది.

జంక్షన్లో దిగేసరికి వినీల గుడి పక్కన ఎండలో నిలబడి ఉంది. తెల్ల చీర, చేతిలో పాటల పుస్తకాల కట్ట, ఏడాదిలో వాళ్ళమ్మ పోలిక ఎక్కువైంది. అమలమ్మ చేతిలో సంచి అందుకుంది, ప్రయాణం బాగా జరిగిందా అంది. ఇల్లు దగ్గరే, నడిచి పోవచ్చు. సందు మలుపు తిరిగితే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలూ కనబడ్డాయి. ఇంకో ఇరవై అడుగులుండగా ఇశ్రాయేలు ఆగిపోయాడు. అమలమ్మ చెయ్యి వెనక నుంచి అతని చొక్కా అంచు పట్టుకుంది, ఒక క్షణం గట్టిగా పట్టుకుని వదిలేసింది.

"అమ్మా వినీలా," అన్నాడు. "ఆ పొద్దున అమ్మ నాకు తొమ్మిదిసార్లు ఫోను చేసింది. నేను చూశాను, ఎత్తలేదు. మెట్ల గేటుకి తాళం వేసి ఉంది. నువ్వొచ్చేలోపు నేనే తీసేశాను. మోకాళ్ళని నీతో అబద్ధం చెప్పాను."

వినీల పుస్తకాల కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"తెలుసంకుల్," అంది. "బుధవారం మాస్కు తీసి నీళ్ళు తాగిస్తుంటే అమ్మే చెప్పింది, ఫోన్ల సంగతీ తాళం సంగతీ. మాస్టారు బొమ్మలో ఉండుంటారు, ఊరికే రోజూ విసిగించేదాన్నిగా, అందుకని ఎత్తలేదు, ఆయన్నేమీ అడక్కే, తట్టుకోలేడు అంది. నిన్న ఇక్కడికి వస్తే చెయ్యూపాను, భయపడి వెళ్ళిపోయాడు, మళ్ళీ వస్తే నేనే చెబుతానంది. మీరు రాలేదు."

పన్నెండు దేశాల బొమ్మలు చూసి, ఊపిరి బిగబట్టి, గడిగడిగా ఇశ్రాయేలు గీసిన కరుణ, ఇరవై రెండేళ్ళు తన కింది వాటాలోనే ఉండి, మోటారు ఆపమని ఫోను చేస్తూ, పులుసు గిన్నె మెట్ల దగ్గర పెడుతూ, ఆఖరికి దుప్పటి మీంచి చెయ్యెత్తి పిలిచింది. తను నర్సును వంక పెట్టుకుని వచ్చేశాడు.

"మరి ఆ రోజు గేటు దగ్గర నన్నెందుకు అడిగావమ్మా?" అని అతను కాదు, అమలమ్మ అడిగింది.

"తెలిసే అడిగానాంటీ. ఆయన ఏం చెబుతారో విందామని." వినీల ఇశ్రాయేలు వైపు తిరిగింది. "అమ్మ ఏమీ అనుకోలేదు అంకుల్. ఒట్టు, ఏమీ అనుకోలేదు. నేను అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. ఎప్పటికి మానతానో నాకు తెలీదు." కొంగుతో కళ్ళు తుడుచుకుని షామియానా వైపు చూసింది. అక్కడ రావమ్మ అప్పటికే నలుగురిని కూడేసుకుని మోకాళ్ళు చేత్తో చూపిస్తూ ఏదో చెబుతోంది. "నాకు చెప్పారు, బాగానే ఉంది. కానీ మా అమ్మ మొండిదనీ, ఎక్కలేక చచ్చిపోయిందనీ ఇంతమంది అనుకుంటున్నారు. అది నాకు వద్దు. రండి, టైమైంది."

పాటలు పాడారు. ప్రార్థన చేశారు. పాస్టరుగారు వాక్యం చదివి, ఎక్కువసేపు తీసుకోకుండానే ముగించి, సంపూర్ణమ్మ గారి మేడ మీద ఇరవై రెండేళ్ళున్న డ్రాయింగు మాస్టారు ఇప్పుడు మొదటి సాక్ష్యం చెబుతారన్నారు. ఇశ్రాయేలు లేచాడు. మైకు అతని ఎత్తుకి సరిపోలేదు, ఎవరో వచ్చి సరిచేశారు. ఎదురుగా యాభై అరవై మొహాలు. ఎడం పక్కన ఆడవాళ్ళలో అమలమ్మ కూడా లేచి నిలబడి ఉంది, కూర్చోమని పక్కావిడ చీర లాగుతున్నా కూర్చోలేదు. వినీల ఆఖరి వరసలో, గుమ్మానికి ఆనుకుని, తల కొంచెం వంచి వింటోంది. అతను ఈసారి ఎవరికీ తలూపలేదు.

"సంపూర్ణమ్మ గారు మోకాళ్ళ మూలంగా చనిపోలేదండీ," అన్నాడు.